"రేపటి సంది" సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: "రేపటి సంది వాకింగ్ జేస్త, గుట్కా బంద్ జేస్త."

అవతారిక. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలు ఒకప్పుడు పండితులకు వార్షికాలిచ్చి పోషించాయి. గద్వాలకైతే విద్వద్గద్వాల అన్న పేరే స్థిరపడింది. అష్టావధానాలు జరిగిన ఆ నేల మీద రోజూ వినబడే ఈ ఒక్క వాక్యానికి ఇంతవరకు వ్యాఖ్యానం లేకపోవడం లోటే. కర్త ఎవరో తెలియదు. చాయ్ బండి దగ్గర "ఏమన్నా, ఇయ్యాల గ్రౌండుకు రాలే?" అని అడిగితే ఎవరి నోటి నుంచైనా ఇదే వస్తుంది కాబట్టి దీన్ని అపౌరుషేయం అనుకున్నా తప్పులేదు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మెతుకుసీమ మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడు మొదటి సగానికి మాత్రం కట్టుబడ్డాడు.

ప్రతిపదార్థం. రేపటి సంది అనగా ఎన్నటికీ తెల్లవారని ఆ రోజు మొదలుకొని. వాకింగ్ అనగా పొద్దుగాల ఐదున్నరకు తెల్ల బూట్లతో మొదలై ఏడింటికి బజ్జీల బండి దగ్గర ముగిసే క్రియ. గుట్కా అనగా వక్క, పొగాకు, సున్నం, కాచు కలిసినది, ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే నిషేధమైనది, అయినా ఏ మలుపు దగ్గర అడిగినా దొరికేది. బంద్ జేస్త అనగా చేతిలో ఉన్న ప్యాకెట్ అయిపోయిన తరువాత మానెదను అని భావం. 'జేస్త' రెండుసార్లు రావడం పునరుక్తి దోషం కాదు. మొదటి క్రియ జరిగితే రెండోది దానంతటదే జరుగుతుందని కర్త నమ్మకం. వ్యాఖ్యానం అవసరమైనది ఆ నమ్మకానికే.

పాఠాంతరాలు. వనపర్తి ప్రతిలో గుట్కా స్థానంలో 'ఫోన్' కనబడుతుంది. రాజభవనంలో ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తోంది గనుక ఇది విద్యార్థుల పాఠం కావచ్చు. నాగర్‌కర్నూల్ వైపు కొన్ని ప్రతుల్లో 'సిగరెట్', కొన్నింట్లో 'చాయ్‌ల చక్కెర'. ఇవన్నీ అర్థానికి సరిపోయేవే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు ఊళ్లలోనూ కనిపించే 'కల్లు' అన్న పాఠాన్ని మాత్రం ఈ టీకాకారుడు అంగీకరించడు. చెట్టు కల్లు సంగతి వేరు. పాలమూరు దుకాణాల్లో చాలాకాలంగా పోస్తున్న కల్తీ సరుకులో క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్ప్రజోలామ్ కలుపుతారు. 2015 సెప్టెంబరులో దాడులు ముమ్మరమై ఆ కల్లు దొరక్కుండా పోయినప్పుడు ఉమ్మడి మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో మనుషులు వణుకుతూ, మాట తడబడుతూ, మూర్ఛలతో ఆసుపత్రుల్లో చేరారు. అలవాటు పడ్డ ఒంటికి ఈ మందుల్ని ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికీ రావచ్చు. రోజూ గట్టిగా సారా తాగేవాళ్లదీ ఇదే పరిస్థితి. వాళ్లు వెళ్లాల్సింది గ్రౌండుకు కాదు, డాక్టరు దగ్గరికి. నడక ఆ తరువాతి మాట.

పూర్వపక్షం. "రోజంతా తట్ట మోసేటోనికి వాకింగ్ ఎందుకన్నా? కల్లు తాగేది వాడే గదా, గుట్కా ఏసుకునేది వాడే గదా?" ఈ ఆక్షేపణ బలమైనది, ఎందుకంటే దేశమంతా కాలువలు తవ్వి కట్టలు పోసింది పాలమూరు లేబరే. ఒళ్లు కదలడమే వ్యసనానికి విరుగుడైతే ఈ జిల్లాల్లో వ్యసనమే ఉండకూడదు.

సమాధానం. కూలిపనికీ వ్యాయామానికీ తేడా ఉందని డెన్మార్క్ పరిశోధకుడు హోల్టర్‌మన్ వంటివారు చాలాకాలంగా చెబుతున్నారు. ఎంతసేపు చేయాలో, ఎప్పుడు ఆపాలో మేస్త్రీ చెప్పేది పని. తనంతట తాను మొదలుపెట్టి, తనంతట తాను ఆపేది వ్యాయామం. మొదటిది నొప్పులు మిగిల్చి సాయంత్రం కల్లు అడిగిస్తుంది. గద్వాల మగ్గం గుంటలో పొద్దంతా కాళ్లు ఆడించే నేతగాడి నడుముకూ ఇదే వర్తిస్తుంది. కాబట్టి ఈ సూత్రం ప్రధానంగా కూర్చుని పనిచేసేవాళ్లను ఉద్దేశించింది, వాళ్ల సంఖ్యా తక్కువేం కాదు. చాలినంత కదలిక లేని పెద్దలు 2000లో దేశంలో 22.3 శాతం ఉంటే 2022 నాటికి 49.4 శాతమయ్యారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

ఇక సిద్ధాంతం. సూత్రకారుడు పొరబడింది నడక విషయంలో కాదు, వేళ విషయంలో. గుట్కా మీదికి మనసు లాగేది పొద్దున ఐదున్నరకు కాదు. అన్నం తిన్నాక, చాయ్ తాగాక, పక్కవాడు ప్యాకెట్ చింపిన చప్పుడైనప్పుడు. ఆ లాగుడు కాసేపు ఉబ్బి, తీర్చకపోయినా తగ్గిపోయేదే. ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ టేలర్ బృందం సిగరెట్ తాత్కాలికంగా ఆపినవాళ్లను కొన్ని నిమిషాలు నడిపించి చూసింది. ఆ కాసేపటి నడకకే లాగుడు తగ్గింది. చాక్లెట్ తినేవాళ్లను పదిహేను నిమిషాలు వడిగా నడిపించి ఆఫీసు పని ఇచ్చి పక్కన చాక్లెట్లు పెడితే, నడవనివాళ్లు సగటున 28 గ్రాములు తిన్నచోట వీళ్లు 15 గ్రాములే తిన్నారు. ఆ అధ్యయనాలు గుట్కా మీద జరిగినవి కావు, నిజమే. కానీ సిగరెట్‌లోనూ గుట్కాలోనూ మనిషిని ప్రధానంగా లాగేది ఒకే నికోటిన్.

అయితే ఆ కాసేపు తగ్గడం వేరు, ఏడాది పాటు మానడం వేరు. 1999లో వెలువడిన, అమెరికాలో సిగరెట్ మానదలచిన 281 మంది మహిళలపై జరిగిన పరీక్షలో గట్టి వ్యాయామం చేసినవాళ్లలో ఏడాది తరువాత కూడా మాని ఉన్నవాళ్లు 11.9 శాతం, చేయనివాళ్లలో 5.4 శాతం. ఇరవై ఏళ్ల తరువాత ఇలాంటి 24 పరీక్షలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్షలో, మానడానికి ఇచ్చే మామూలు సాయానికి వ్యాయామం తోడైతే దీర్ఘకాలంలో లాభమని నమ్మదగ్గ ఆధారం దొరకలేదు. అంటే నడక ఒక్కటే చాలదు. పొగాకు ప్యాకెట్ల మీద అచ్చువేసే 1800112356 నంబరును చదివి ఊరుకోక ఫోన్ చేయాలి. నడక ఆ మధ్యలో వచ్చే పది నిమిషాల గండాలను దాటిస్తుంది. కాబట్టి 'రేపటి సంది' అన్నది లేఖక ప్రమాదమనీ, 'ఇప్పుడే, పది నిమిషాలు' అన్నదే శుద్ధపాఠమనీ నిర్ణయం.

విశేషం. ఎంత వడిగా నడవాలి? సగం బలంతో వ్యాయామం చేయమన్న సుశ్రుతుడు దాని గుర్తు కూడా చెప్పాడు: గుండెలోని ఊపిరి నోటి దాకా రావాలి. గుట్కా వ్యవహారంలో ఇంతకన్నా పనికొచ్చే కొలత లేదు. సిగరెట్ కాలుస్తూ పరుగెత్తలేరు గానీ దవడలో గుట్కా పెట్టుకుని నాగర్‌కర్నూల్ కేసరి సముద్రం చెరువు కట్ట ఈ చివర నుంచి ఆ చివరకు నింపాదిగా నడిచేవాళ్లు ఉంటారు. అది నడక కాదని సుశ్రుతుడి మతం. నోటితో ఊపిరి తీయాల్సి వస్తే మొదట ఉమ్మేయాల్సిందే. సలేశ్వరం జాతరకు నల్లమల లోయలోకి దిగి ఎక్కేటప్పుడు లింగమయ్యను కేకేసి పిలవాలన్నా నోరు ఖాళీగా ఉండాలి. వక్క వల్ల దవడలు బిగిసి, నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోని స్థితి వస్తే ఆ కేకకూ వీలుండదు.

చరకుడు ఇంకా దగ్గరివాడు. సూత్రస్థానం ఏడో అధ్యాయంలో వ్యాయామం సంగతి ముగించగానే చెడ్డ అలవాటును పావు వంతు చొప్పున వదలడం ఎలాగో చెబుతాడు. రెంటినీ పక్కపక్కన పెట్టడం యాదృచ్ఛికమా అని పండితులు వాదించుకోవచ్చు. రోజుకు ఎనిమిది ప్యాకెట్లవాడు ఆరుకు దిగి, మిగిలిన ఆ రెండు వేళల్లో వీధి చివరిదాకా వడిగా నడిచి వస్తే ఇద్దరు ఆచార్యుల మాటా చెల్లుతుంది.

ఫలశ్రుతి. ఎన్నాళ్లకు ఫలం? మన ఊళ్లలో దీనికి కొలత అయ్యప్ప మాల. 41 రోజులు మందు, సిగరెట్ ముట్టని స్వాములు మాల తీసిన సాయంత్రమే పాత బండి దగ్గర కనబడటం ఇంటివాళ్లందరికీ తెలిసిందే. లండన్‌లో ఫిలిప్పా లాలీ 96 మందిని గమనించినప్పుడు, కొత్త అలవాటు ఆలోచించకుండానే జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. ఒకరికి 18 సరిపోయాయి, ఇంకొకరికి 254 పట్టేలా ఉన్నాయి. వ్యాయామానికి తిండి అలవాట్ల కన్నా ఎక్కువే పట్టింది. మధ్యలో ఒక్కరోజు తప్పినా లెక్క చెడలేదు. ఈ చివరి వాక్యం ఇక్కడి ఏ ప్రతిలోనూ లేదు. అందుకే ఒక పూట తప్పగానే "ఇగ అయిపాయె" అని కొత్త ప్యాకెట్ చింపడం మూడు ఊళ్లలోనూ ఆచారంగా ఉంది.