మడమ తిప్పనివాడికి మడమ ఊడితే

మాట తప్పను, మడమ తిప్పను అని పెద్దపెద్దవాళ్లు మైకుల ముందు చెబుతుంటారు. నేనూ నా స్థాయికి తగ్గట్టు, ఇంటి గడప లోపల, గొంతు తగ్గించి చెప్పుకుంటూ వచ్చినవాణ్నే. మొన్న మాఘమాసంలో మహబూబాబాద్‌లో, అదే మానుకోటలో, ఒక పెళ్లికి వెళ్లాను. అక్షింతలు వేసి వేదిక మెట్లు దిగుతుండగా, నా ప్రమేయం ఏమీ లేకుండా, నా బూటు మడమ తనంతట తానే తిరిగింది, ఊడింది, రెండు పొర్లు పొర్లింది, మగపెళ్లివారి కుర్చీల కిందికి వెళ్లి విశ్రమించింది. కుడికాలిది.

ఆ బూట్ల వంశవృత్తాంతం కొంచెం చెప్పాలి. నాలుగేళ్ల కింద హనుమకొండలో 3,400 రూపాయలు పోసి కొన్నాను. తొడిగింది ఏడుసార్లు, లెక్క మా ఆవిడది, కనుక అప్పీలు లేదు. మిగతా రోజులన్నీ ఆ జత పేపరు చుట్టుకుని, కలరా ఉండల వాసన పీలుస్తూ, బీరువా అడుగు అరలో మహారాజభోగం అనుభవించింది. వానలో తడపలేదు, బురదలో దింపలేదు, ఎండలో పెట్టలేదు, తోడల్లుడు అడిగితే ఇవ్వలేదు. అంత అపురూపంగా చూసుకున్నా ప్రాణం దక్కదని తర్వాత తెలిసింది. ఈ కాలపు బూట్లలో చాలావాటి అడుగు పాలీయూరిథేన్‌ అనే పదార్థంతో పోస్తారు. తేలిక, మెత్తన, చూపుకు ఘనం. గాలిలోని తేమ మెల్లమెల్లగా దానిలోకి చేరి లోపలి రసాయన బంధాలను తెంపుతుంది. తొడిగినా తొడగకపోయినా, కొన్నేళ్లకు పాతగోడ సున్నంలా పెళ్లలు రాలుతుంది. వాడితే అరుగుట, దాచితే రాలుట. పెట్టె మాత్రం చెక్కుచెదరలేదు.

మీకూ ఇది జరిగే ఉంటుంది, దాచుకోకండి. ఒక కాలు అంగుళంన్నర ఎత్తున, ఒక కాలు నేలమట్టాన పెట్టుకుని విందు పందిరి దాకా నడిచిన అనుభవం మీకూ ఉంది. మొదట మునివేళ్ల మీద నడుస్తాం, తర్వాత గోడ పట్టుకుంటాం, తర్వాత ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నిలబడిపోతాం, చివరికి గౌరవమంతా చంకన పెట్టుకుని కుంటుతాం. పప్పు వడ్డించే దగ్గర ఒకాయన కాలు బెణికిందా అన్నాడు. పెరుగు దగ్గరికి వచ్చేసరికి అది మోకాలి ఆపరేషన్‌ అయింది. నేను రైలెక్కి జనగామలో దిగేలోపు పక్షవాతం స్థిరపడింది. ఇంటికి వచ్చేసరికి ఇద్దరు బత్తాయిలతో కూర్చుని ఉన్నారు.

ఒక పక్కకు ఒరగడం అంటే నాకు మేడిగడ్డ గుర్తొస్తుంది. అది మా అల్లుడు ఉండే భూపాలపల్లి జిల్లాలోనే ఉంది. 2023 అక్టోబరులో అక్కడ బరాజ్‌ పియర్లు కుంగితే ఢిల్లీ నుంచి నిపుణులు వచ్చారు, కొలతలు తీశారు, నివేదికలు రాశారు. ఎమ్మెల్యేలు బస్సులెక్కి వెళ్లి చూసొచ్చారు. మంచిదే, కుంగినదాన్ని చూడాల్సిందే. మరి నిక్షేపంలాంటి గృహస్థు నిండు సభలో ఒక పక్కకు కుంగితే వచ్చిన నిజనిర్ధారణ సంఘం ఏదీ? మా బామ్మర్ది ఒక్కడే వచ్చాడు. ఫొటో తీయడానికి.

మర్నాడు జనగామ స్టేషన్‌ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన ముందు బూట్లు పెట్టాను. ఆయన కుడిదాన్ని ఇటూ అటూ తిప్పాడు.

"మడిమె ఏడున్నది సార్?"

"మానుకోటలో."

ఆయన దానికేమీ ఆశ్చర్యపోలేదు. ఎడమ బూటు అందుకుని మడమలోకి ఆరె మొన దింపి, తల అడ్డంగా ఊపాడు. "గిందుల మేకు దిగదు. దిగినా ఆగది. లోపల మొత్తం గుల్లనే." చీల్చి చూపించాడు కూడా. పైకి నిండుగా కనబడే మడమ లోపల తేనెతుట్టెలా గదులు, గదుల్లో గాలి. 3,400 రూపాయల్లో గాలి వాటా ఎంతో బిల్లులో రాయలేదు. "గిది కుట్టేది గాదు సార్. అతికేది గూడ గాదు. పారేసేది." డాక్టర్లు ఇంత మర్యాదగా చెప్పరు. డబ్బులు కూడా తీసుకోలేదు.

ఇంటికొచ్చి కూర్చుని లెక్క వేశాను. కుక్కర్‌ ఆవిరి వదిలితే గాస్కెట్‌ మారుస్తాం. నల్లా కారితే వాషర్‌ వేస్తాం. ఫ్యాను నీరసిస్తే కెపాసిటర్‌, మిక్సీ మొరాయిస్తే కప్లర్‌, సైకిల్‌ చతికిలబడితే ట్యూబు, మంచం కుంగితే నవారు. ఇవన్నీ ఒప్పుకుంటాను. నా గుండె మండేది హవాయి చెప్పుల దగ్గర. సంతలో ఏ మూల అడిగినా పట్టీలు విడిగా గుత్తులుగా వేలాడుతుంటాయి. మూడు బెజ్జాల్లోంచి మూడు గుండీలు లాగితే చెప్పు మళ్లీ చెప్పే. బాత్రూమ్‌కి తొడుక్కుపోయే వస్తువుకు విడిభాగాలున్నాయి, పెళ్లికి తొడుక్కుపోయేదానికి లేవు. ఏ నాగరికతలో ఉన్నాం మనం?

ఇంకో అవమానం ఉంది. మా తాతకు ఒక జత ఎడ్లుండేవి. తారురోడ్డు పడ్డాక వాటి గిట్టలు అరుగుతాయని నాడాలు కొట్టించేవాడు. ఎద్దును మోకులతో పడదోసి, నాలుగు కాళ్లు కట్టి, గిట్టలకు అర్ధచంద్రం లాంటి ఇనుప రేకులు పెట్టి చీలలు దిగ్గొట్టేవాళ్లు. ఎద్దు గిట్ట చీలి ఉంటుంది గనుక కాలికి రెండేసి, మొత్తం ఎనిమిది. అరిగితే ఊడబెరికి మళ్లీ కొత్తవి. అంటే మా ఇంటి ఎద్దుకు మార్చుకోదగ్గ మడమలు ఎనిమిది ఉండేవి. దాని యజమాని మనవడికి, డిగ్రీ చదివి రిటైరైనవాడికి, సున్నా.

ఆ తాత కిర్రు చెప్పులు కూడా అంతే. అడుగు అరిగితే అడుగు, మడమ దగ్గర అరిగితే అక్కడికి మరో తోలు పొర, పైబద్దె తెగితే బద్దె. కుట్టేవాడికి పంటకింత అని వడ్లు కొలిచేవాళ్లు. ఆ చేతులు ఊరందరి కాళ్లనూ నిలబెట్టాయి, ఊరు మాత్రం వాళ్లను పొలిమేరలో నిలబెట్టింది. మా జిల్లా పాలకుర్తి వాడే పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో, చెప్పులు కుట్టేవాళ్ల కులంలో పుట్టిన శివభక్తుడు మాదర చెన్నయ్య కథ చెప్పాడు. శివుడు ఆయన పెట్టిన అంబలి తాగాడు. శివుడు తాగి ఇన్ని శతాబ్దాలైనా మనవాళ్లకు గ్లాసు అందలేదు. ఇది హాస్యవ్యాసంలో పట్టే మాట కాదు గనుక బూటు దగ్గరికే వస్తాను.

లోకంలో ఎవరూ ఆలోచించలేదా అంటే ఆలోచించారు. అమెరికాలో లోవెల్‌ అనే ఊళ్లో ఓ'సల్లివన్‌ అనే ప్రెస్సు కార్మికుడు రోజంతా నిలబడలేక రబ్బరు చాప మీద నిలబడేవాడు. ఆ చాప ముక్కే మడమకు ఎందుకు కొట్టకూడదనుకుని 1899లో రబ్బరు మడమకు పేటెంటు పుచ్చుకున్నాడు. ఆడవాళ్ల సూది మడమల కొసన ఉండే బిళ్ల ఈనాటికీ మార్చుకోవచ్చు. పిన్ను పట్టి లాగితే వస్తుంది, కొత్తది కొడితే దిగుతుంది. ప్యారిస్‌లో తాన్యా హీత్‌ అనే ఆమె ఇంకా ముందుకెళ్లి, మొత్తం మడమనే ఊడదీసి పొద్దున పొట్టిది, సాయంత్రం పొడుగుది తగిలించుకునే చెప్పులు తయారుచేసి అమ్మింది. ఆమె ఊడేలా తయారుచేసింది గనుక ఫ్యాషనైంది. నాది దానంతటది ఊడింది గనుక పక్షవాతమైంది.

మనవాళ్లూ తక్కువేం కాదు. తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టిన నాయుడమ్మ గారు పెంచి పెద్దచేసిన సంస్థ మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ. ఆ సంస్థ ఈమధ్య దేశంలో 79 చోట్ల లక్షమందికి పైగా జనం పాదాలు కొలిచి, ఇంగ్లిషువాడి కొలతలు మన కాళ్లకు సరిపోవని తేల్చి, "భ" అనే పేరుతో భారతీయ సైజులు ప్రతిపాదించింది. పాదం దాకా వచ్చారు, సంతోషం. ఇంకొక్క అంగుళంన్నర కిందికి రావాలి. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. సెల్‌ఫోన్లు, వాహనాలు, ఇంటి సామాన్లు, వ్యవసాయ పరికరాలు అని నాలుగు రంగాలు రాసుకుంది. ట్రాక్టరుకు హక్కుంది, బూటుకు లేదు.

ఇంత గుండెభారంతో భూపాలపల్లిలో కూతురింటికి వెళ్లాను. హవాయి చెప్పులతో. అల్లుడు సింగరేణి ఓపెన్‌కాస్టులో పనిచేస్తాడు. నా వేదన అరగంట విని, మధ్యలో రెండుసార్లు నవ్వు ఆపుకుని, చివరికి ఇలా అన్నాడు:

"మామా, మా షావెల్‌ బకెట్‌కు పండ్లుంటయి. రాళ్లకు తాకి తాకి అరుగుతయి. అరిగినయని బకెట్‌ పారేస్తమా? పిన్ను కొట్టి అరిగిన పన్ను తీస్తం, కొత్తది తొడుగుతం, మళ్ల పిన్ను కొడ్తం. గంతే."

నాకు బోధివృక్షం కింద కూర్చున్నట్టయింది. నిజానికి కూర్చున్నది వేపచెట్టు కింద. కొండను కొరికే యంత్రానికి అరిగే ముక్క వేరు, దాన్ని పట్టుకునే ముక్క వేరు. అరగడానికని పుట్టినదాన్ని అరగనివ్వడం, మిగతాదాన్ని కాపాడుకోవడం. ఈ జ్ఞానం బొగ్గు దాకా వచ్చి బూటు దగ్గర ఎందుకాగింది?

మీ చెప్పు ఒకసారి తిరగేసి చూడండి, ఎవరూ చూడటం లేదు. మడమ వెనకవైపు, బయటి మూల అరిగి ఉంటుంది. మనలో చాలామందిమి అడుగేసేటప్పుడు మొదట నేలకు తాకించేది ఆ మూలే. మడమంతా కొత్తదే, మూల మాత్రం పోయింది. ఆ మూల కోసం జత పారేస్తున్నాం. అందుకని ఆ రాత్రి మనవరాలి డ్రాయింగ్‌ పుస్తకంలో నమూనా గీశాను. మడమ పైభాగం బూటుకు కుట్టి, మేకులతో బిగించిన గట్టి ముక్క, గుల్ల కానిది. దాని అడుగున గాడి. ఆ గాడిలోకి వెనకనుంచి తోసే రబ్బరు బిళ్ల. పక్కనుంచి అడ్డంగా ఒక పిన్ను. స్క్రూ తల నేలవైపు పెట్టకూడదు. నాలుగడుగులకే మట్టి, కంకర, కరిగిన తారు నిండి అది జీవితంలో తిరగదు. బిళ్ల రెండు పక్కలా ఒకే ఆకారంలో ఉండాలి. అప్పుడు కుడికాలిది ఎడమకు, ఎడమది కుడికి మార్చేస్తే అరగని మూల బయటికి వస్తుంది. కారు టైర్లు మార్చుకున్నట్టే. ఒక జత బిళ్లలు రెండు జతల పని చేస్తాయి. ఇక ముఖ్యమైనది: దేశమంతటా మూడే మూడు సైజుల బిళ్లలు. కంపెనీకో గాడి పెడితే ఒకప్పటి సెల్‌ఫోన్‌ చార్జర్ల గతే. మా మనవరాలు దాని పక్కన పువ్వు వేసింది.

జనగామకు తిరిగొచ్చి ఈ పథకం మా ఆవిడ ముందు పెట్టాను. రబ్బరు బదులు ఇత్తడి తొడుగైతే ఇంకా మన్నుతుందనీ, పెంబర్తి పక్కనే ఉందనీ, గుడి వాహనాలకు ఇత్తడి రేకు తొడిగిన చేతులకు నా మడమ ఓ లెక్కా అనీ అన్నాను. ఆమె వంకాయ తరగడం ఆపలేదు.

"ఇత్తడి మడిమెలు ఏసుకొని ఇంట్ల తిరుగుతవా? పోలీసోళ్లు ఒచ్చిన్రనుకొని కిరాయోళ్లు పారిపోతరు. ముందుగాల గా పెట్టె తీసి బయట పారెయ్యి. బీరువల పట్టుచీరె మీద పొడి రాలింది."

ఈ దేశంలో ఆవిష్కర్తలకు ఇలాంటి వాతావరణం ఉంది. స్టేషన్‌ ఘన్‌పూర్‌లో తోలు పరిశ్రమల పార్కు అనే మాట నేను వినబట్టి చాలా ఏళ్లయింది. అది తెరుచుకున్న రోజున, అక్కడ కుర్చీలో ఎవరు కూర్చున్నా, డ్రాయింగ్‌ పుస్తకం పట్టుకుని మొదట వెళ్లేది నేనే. స్టేషన్‌ దగ్గరి పెద్దాయన్ను కూడా వెంట తీసుకెళ్తాను. మడమ గుల్లో నిండో ఆరె మొనతో తేల్చగలవాడు ఆ గదిలో ఒకడుండాలి. ఆయనకు చెప్పాను. వస్తానన్నాడు, ఆదివారం కాకపోతే.

ఈలోగా ఒక మనవి. మాఘమాసంలో మహబూబాబాద్‌లో పెళ్లికి వెళ్లి, మగపెళ్లివారి వైపు మూడో వరసలో కూర్చున్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే, కుర్చీ కింద నల్లటి మడమ ఒకటి చూసి ఉంటే, దయచేసి పారేయకండి. నమూనా చేయడానికి కొలత కావాలి. తొమ్మిదో నంబరు, కుడికాలిది. ఎడమది ఆ పెద్దాయన చీల్చేశాడు.