రాత్రి రెండింటికి ఎంతుంది?

నేను పల్స్ ఆక్సీమీటర్ని. నా నోరు తెరిచి వేలు పెడితే చాలు, మీ రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెబుతాను. ఒక ఎర్ర కాంతినీ, కంటికి కనిపించని పరారుణ కాంతినీ వేలిలోకి పంపి, అవతలికి ఎంత చేరిందో చూసుకుంటాను. ఆక్సిజన్ నింపుకున్న రక్తం ఎర్ర కాంతిని ఎక్కువగా పోనిస్తుంది, పరారుణాన్ని పీల్చుకుంటుంది. ఆక్సిజన్ లేని రక్తం తీరు ఇందుకు తలకిందులు. వేలిలో చర్మం, ఎముక, గోరు కూడా కాంతిని అడ్డుకుంటాయి కదా, మరి రక్తం లెక్క విడదీయడం ఎలా? నాడి కొట్టుకున్నప్పుడల్లా మారే భాగాన్ని పట్టుకుంటే చాలని 1970ల మొదట్లో జపాన్ ఇంజినీరు తకువో అయోయాగి కనిపెట్టారు. నా పుట్టుక ఆయన చలవే. కరోనా వచ్చి దేశదేశాల్లో నాకోసం వెతుక్కుంటున్న రోజుల్లోనే, 2020 ఏప్రిల్ 18న, 84 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

ఒకప్పుడు నా చోటు ఆపరేషన్ థియేటర్లు, ఐసీయూలు. నేను మాత్రం 2021 మేలో గుంటూరు బ్రాడీపేటలో ఒక రిటైర్డు మాస్టారింటికి వచ్చాను. మందుల షాపుల్లో నేను దొరకడమే గగనమైన రోజులవి. మాస్టారి తమ్ముడి కొడుకు షాపు షాపూ తిరిగి సంపాదించి, సంచి గేటుకు తగిలించి, "పెద్దమ్మా, తెచ్చానే" అని దూరం నుంచే కేకేసి వెళ్లిపోయాడు.

వెనక గదిలో కరోనాతో మాస్టారు. గుమ్మం ఇవతల చాప వేసుకుని ఆయన భార్య. ఆ నెల 5 నుంచి రాష్ట్రమంతా మధ్యాహ్నం 12కే కర్ఫ్యూ. వీధిలో అలికిడి ఆగిపోయేసరికి ఎక్కడో పోతున్న అంబులెన్సు కూత కూడా ఇంట్లోకి వచ్చేది. నాలుగు గంటలకోసారి చూడమనీ, 94 కంటే దిగితే వెంటనే ఫోన్ చేయమనీ, మెలకువగా ఉన్నప్పుడు వీలైనంతసేపు బోర్లా పడుకోమనీ డాక్టరు చెప్పారు. సరైన మాటే. కానీ భయానికి నాలుగు గంటలంటే చాలా ఎక్కువ. పగలు అది రెండు గంటలైంది, చీకటి పడేసరికి అరగంటైంది.

రాత్రి రెండు గంటలు. ఆవిడ మాస్కు మీద మాస్కు బిగించుకుని, ఫోన్ లైటు ఆయన మొహాన పడకుండా అరచేత్తో అడ్డం పెట్టుకుని, నన్ను మాస్టారి చూపుడు వేలికి తగిలిస్తుంది. కూలర్ గాలికి వేళ్లు చల్లబడి ఉంటాయి. చల్లబడిన వేలికి రక్తం తక్కువగా వస్తుంది, నాకు నాడి సరిగ్గా అందదు. అంకెకు బదులు గీతలు చూపిస్తాను. ఆవిడ ఊపిరి బిగబట్టి నిలబడిపోతుంది. కాసేపటికి 95. పడుకునేముందు 97 ఉంది. నిద్రలో శ్వాస నెమ్మదిస్తుంది, ఒకటో రెండో తగ్గడం ఏ జబ్బూ లేనివాళ్లలోనూ మామూలే. ఆ సంగతి చెప్పే వీలు నాకు లేదు. నాకున్నది అంకె ఒక్కటే.

"ఏమండీ... ఏమండీ... ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసుకోండి."

ఆయన ఉలిక్కిపడి లేస్తారు. "ఏమైందే?"

97.

"ఏం లేదు, పడుకోండి."

ఇక ఆయనకు తెల్లవారుజాము దాకా కలత నిద్రే. ఆవిడకు అదీ లేదు.

మాస్టారి నిద్ర చెడడానికి ఇంకో కారణం కూడా ఉంది. స్టెరాయిడ్ మాత్ర రాత్రి భోజనం తర్వాత వేసుకునేవారు, అది నిద్రను చెడగొడుతుంది. డాక్టరు దాన్ని పొద్దున టిఫిన్ తర్వాతకు మార్చాక కొంత నయమైంది. ఆవిడ విషయంలో అలా మార్చడానికి మాత్రేదీ లేదు.

కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ రాత్రి రెండయితే ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర. "ఎంతుందమ్మా?" అని సరిగ్గా ఆ వేళకే వీడియో కాల్. వీసా మీద ఉన్న పిల్లాడు. ఇండియా నుంచి వచ్చేవాళ్లలో అక్కడి పౌరులు కాని చాలామందిని ఆ మే 4 నుంచి అమెరికా రానివ్వడం మానేసింది. వస్తే మళ్లీ ఎప్పుడు వెళ్లగలడో తెలియదు. నా తెరను ఫోటో తీసి పంపితే పడుకుంటాననేవాడు, ఇంకో గంటకు మళ్లీ మెసేజీ పెట్టేవాడు. నేనున్నది ఒక వేలికి, నిద్ర లేనిది రెండు దేశాల్లో ముగ్గురికి.

మాస్టారు కోలుకున్నారు. జూన్ నెలలో 98 నిలకడగా చూపిస్తూ వచ్చాను. బంధువులంతా ఫోన్లు చేసి "మాస్టారికెలా ఉంది?" అని అడిగారు. ఆవిడ కళ్లకింద నల్లబడిన సంగతి ఒక్కరూ అడగలేదు. నాకు బాధ కలిగింది అక్కడే. జబ్బుపడ్డ మనిషికి నేనున్నాను, థర్మామీటరుంది, ఎక్స్‌రే ఉంది. పక్కన కూర్చుని తెల్లవార్లూ మేలుకున్న మనిషిని చూడడానికి ఆ ఇంట్లో ఏ పరికరమూ లేదు. ఆయన కోలుకున్నా, ఆవిడకు రాత్రి రెండయ్యేసరికి ఎవరో లేపినట్టు మెలకువ వచ్చేది. దిండు కింద తడుముకుని నన్ను తీసేది. గురకపెట్టి నిద్రపోతున్న మనిషి వేలికి నన్ను పెట్టేది. అలాంటి ఇళ్లు ఆ ఏడు ఇంకెన్ని ఉన్నాయో.

చివరికి ఆవిడ చిన్ననాటి స్నేహితురాలొకామె, డాక్టరు, ఫోన్‌లో అడిగింది. "మీ ఆయన సంగతి సరే, నువ్వు నిద్రపోతున్నావటే?"

ఆవిడ ఏడ్చేసింది.

స్నేహితురాలు నిదానంగా చెప్పింది. వారాల తరబడి రెండింటికి లేచిన ఒళ్లు, జబ్బు పోయినా ఆ వేళకే లేస్తుందట. మంచమంటే మేలుకుని కాపలా కాసే చోటని మెదడు నేర్చుకుంటుందట. మేలుకున్నంతసేపూ మెదడులో అడెనోసిన్ పేరుకుంటేనే రాత్రికి నిద్ర ముంచుకొస్తుంది. మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంటే అది తరిగిపోతుంది, సాయంత్రం తాగే కాఫీ దాని పనికి అడ్డం పడుతుంది. "రాత్రి ఎప్పుడు పడుకున్నా పొద్దున అయిదున్నరకే లే. డాబా మీద ఎండ తగిలేలా నడువు. నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకు, ఇరవై నిమిషాలైందనిపిస్తే లేచి ముందుగదిలో కూర్చో, కళ్లు మూతలు పడుతుంటేనే వెళ్లి పడుకో. గడియారం చూడకు. ఆ మిషను బీరువాలో పెట్టు."

మొదట్లో ఆవిడకు ఉన్న నిద్ర కూడా తగ్గింది. రాత్రిళ్లు బీరువా పిడి కదిలేది, తలుపు కిర్రుమనేది, చేయి నన్ను తాకి ఆగిపోయేది. కొన్నిసార్లు బయటికి తీసేది కూడా. పోనుపోను ఆ చప్పుడు తగ్గింది. వానలు పడేనాటికి పిడి రాత్రంతా కదలని రోజులు వచ్చాయి. ఆవిడ ఒళ్లు తెలియకుండా పడుకుని కాఫీ వేళ దాటాక లేచిందని ఒకరోజు మాస్టారు కొడుక్కి గొప్పగా చెప్పడం విన్నాను. కొడుకు నిద్ర మాత్రం ఇంకా గాడిన పడలేదు. ఇప్పుడు ఆవిడ, తిన్నావా అనడానికి ముందే, రాత్రి ఎన్నింటికి పడుకున్నావని అడుగుతోంది.

2022 జనవరిలో మళ్లీ జ్వరాలు మొదలయ్యాయి. పక్కింటి అమ్మాయి గేటు దగ్గర నిలబడి నాకోసం అడిగింది. ఆవిడ నాకు కొత్త సెల్లు వేసి, ఆ అమ్మాయి చేతికిచ్చింది.

"పగలు నాలుగు గంటలకోసారి పెట్టు. పడుకునేముందొకసారి చూడు. 94 కంటే దిగినా, ఆయాసమొచ్చినా అర్ధరాత్రి అనుకోకుండా డాక్టరుకు ఫోన్ చెయ్యి, మా తలుపు కొట్టు. తేలిగ్గా ఊపిరి తీసుకుంటూ నిద్రపోతుంటే మాత్రం లేపకు. అమ్మా, రాత్రంతా నువ్వే కూర్చోకు. ఒంటిగంట నుంచి నేనొచ్చి మీ వరండాలో కూర్చుంటాను, నువ్వు పడుకో."