బొంబాయి కచేరి పద్యం: టీక, తాత్పర్యం

ఆ. నగరి నుండి రైలు నడిరేయి బొంబాయి
పోయి పాత గొంతు పొందఁగోరి
వేళ్ళు వేళ్ళె గాని వేరాయెఁ గంఠమ్ము
టిక్కెటెంత యనకు టీకకార!

అవతారిక: నగరిలో మరమగ్గాల షెడ్డు గల ఒకానొక గృహస్థు కాలేజీ రోజుల నుంచీ కొలుస్తున్న రాక్ బృందం గన్స్ ఎన్ రోజెస్. అది 2025 మే 17న ముంబయి మహాలక్ష్మి రేస్ కోర్సులో పాడుతుందని తెలిసి ఆయన వెళ్ళాడు, విన్నాడు, వచ్చాడు. "ఏం బావా, ఎట్లుండింది పాట?" అని బామ్మర్ది అడగ్గా చెప్పిన పద్యమిది. మగ్గాల మోతలో పెరిగిన చెవికి ఈ సంగీతం ఎలా పట్టిందని శంకించరాదు. ఆ మోతలో వీణ వినబడదు, ఈ బృందంలోని స్లాష్ గిటారు వినబడుతుంది.

ప్రతిపదార్థం: నగరి నుండి = మగ్గాలకు పేరుపడిన నగరి పట్నం నుంచి; రైలు = రైలులో (ఇక్కడ విభక్తి లోపించింది, బెర్తు కూడా); నడిరేయి = అర్ధరాత్రి వేళ; బొంబాయి పోయి = ముంబయి నగరానికి వెళ్ళి; పాత గొంతు = 1987 నాటి 'ఎపటైట్ ఫర్ డిస్ట్రక్షన్' క్యాసెట్టులోని గాయకుడు ఏక్సెల్ రోజ్ కంఠాన్ని; పొందఁగోరి = మళ్ళీ అందుకోవాలని ఆశపడి; వేళ్ళు = స్లాష్ చేతివేళ్ళు; వేళ్ళె = ఆ వేళ్ళే; కాని = అయినప్పటికీ; కంఠమ్ము = గాయకుని గొంతు; వేరాయెన్ = మరొకటి అయిపోయింది; టీకకార = ఓ వ్యాఖ్యాతా; టిక్కెట్టు ఎంత = ప్రవేశ రుసుము ఎంత; అనకు = అని అడగవద్దు.

'పొందఁగోరి' తర్వాత క్రియ లేదు. 'నిలబడి వింటిని' అని అధ్యాహారం చేసుకోవాలి.

తాత్పర్యం: గిటారు బాగుంది. పాట బాగాలేదు. డబ్బు సంగతి ఎత్తవద్దు.

విశేషాలు: 'నగరి నుండి రైలు' అతిశయోక్తి. చెన్నై నుంచి ముంబయి పోయే రైలు మార్గం నగరిని ఒరుసుకునే పోతుంది గాని, దూరపు బళ్ళు ఇక్కడ ఆగేది తక్కువ. నాయకుడు రేణిగుంట పోయి ఎక్కాడన్నది ఇంటివాళ్ళ సాక్ష్యం. 'టీకాకార' అనవలసిన చోట గణం కోసం దీర్ఘం మింగాడు. వ్యాఖ్యాతకు ఇది వ్యక్తిగతంగా నొప్పి కలిగించినా, యతి కుదిరింది కాబట్టి క్షమిస్తున్నాం.

ఇక అసలు చిక్కు 'పాత గొంతు' దగ్గర. కొందరు ఇది గాయకుని గొంతు కాదు, నాయకుని యౌవనమే అంటారు. ఇది సినిమా క్లైమాక్సుల నుంచి తెచ్చిన అర్థం. నాయకుడు తన యౌవనం కోసం ముంబయి దాకా పోనక్కరలేదు. ఆయన అడిగింది గొంతునే.

ఆ గొంతు కథ తెలిస్తే గాని ఆశ ఎంత పెద్దదో తెలియదు. 1996లో స్లాష్ బృందం విడిచిపోయాడు. మళ్ళీ కలుస్తారా అని 2012లో అడిగితే ఏక్సెల్ రోజ్ 'ఈ జన్మలో కాదు' అన్నాడు. ఆ ఏడాది డిసెంబరులోనే బృందం తొలిసారి మన దేశానికి వచ్చింది, స్లాష్ లేకుండా. నాయకుడు పోలేదు. సగం దేవుణ్ణి చూసి మొక్కు చెల్లిందనడం ఆయనకు ఇష్టం లేకపోయింది. 2016లో స్లాష్, బాస్ గిటారు వాయించే డఫ్ మెకేగన్ తిరిగి చేరారు. అప్పటి యాత్రకు పెట్టిన పేరు కూడా 'ఈ జన్మలో కాదు' అనే. 2019 దాకా సాగిన ఆ యాత్ర 58 కోట్ల డాలర్లు దాటి రాబట్టింది. ఒట్టు తీసి గట్టున పెట్టడం ఇంత లాభసాటి అని మన పెద్దలకు తెలియదు. అయినా తొలి జట్టులోని మరో గిటారిస్టు ఇజ్జీ స్ట్రాడ్లిన్ రాలేదు గనుక ఈ పునస్సమాగమం ఖండకావ్యమే గాని సంపూర్ణం కాదు.

మూడో పాదంలో వ్యతిరేకాలంకారం ఉందని మా మతం. ముంబయిలో వాయించే నాటికి స్లాష్‌కు అరవైకి రెండు నెలలు తక్కువ. ఏక్సెల్‌కు అరవై మూడు. గిటారుకు తీగ తెగితే కొత్తది వేస్తారు, కంఠానికి ఆ సౌకర్యం లేదు. పైగా ఈ బృందం మొదటి ఆల్బమ్ నాడే గిటార్లను అర మెట్టు దించి శ్రుతి చేసుకుంది. అలా దించుకున్నా పాతికేళ్ళ కుర్రవాడు గొంతు చించుకుని తారస్థాయిలో పాడిన పాటలవి. వాటిని నలభై ఏళ్ళు మోయాలని అప్పుడెవరు ఆలోచించారు?

మన కచేరీల్లో దీనికి మర్యాదైన దారి ఉంది. వయసు మీదపడిన విద్వాంసుడు ఒకటిన్నర శ్రుతి నుంచి ఒకటికి దిగితే సభ నొచ్చుకోదు. రాగం అదే, భావం ఇంకా ముదిరిందంటుంది. రాక్ శ్రోత అలా ఒప్పుకోడు. అతనికి రికార్డే శాస్త్రం. శ్రుతి దించితే మోసమంటాడు, దించకపోతే గొంతు పోయిందంటాడు. మన నాయకుడు ఈ రెండో వర్గం. మొదటి దానికీ సిద్ధంగానే ఉన్నాడని బామ్మర్ది చెబుతున్నాడు.

పూర్వోదాహరణ: 1985 జులై 13న ఫిలడెల్ఫియాలో లైవ్ ఎయిడ్ కచేరి వేదికపై లెడ్ జెప్లిన్ బృందం మళ్ళీ కలిసింది. గిటారు శ్రుతి తప్పింది, గాయకుడు ప్లాంట్ గొంతు బొంగురుపోయింది. తర్వాత వచ్చిన లైవ్ ఎయిడ్ డీవీడీలో తమ భాగం వేయవద్దన్నారు వాళ్ళు. అక్కడ వేళ్ళూ పోయాయి, గొంతూ పోయింది. ఆ లెక్కన నగరి నాయకునికి సగం దక్కింది.

నిర్ణయం: పద్యం మధ్యమం, మూడో పాదం ఉత్తమం. ఫిర్యాదు గొంతు వరకే చెల్లుతుంది, గాయకుని మీద చెల్లదు. టిక్కెట్టు ఎంతో మేం అడగలేదు. బామ్మర్ది అడిగాడు, జవాబు రాలేదు.