చెవినొప్పి ధర్నాకేనా?

మా రోజుల్లో ధర్నా అంటే చెవిన పడాల్సిందే. రిక్షాకు కట్టిన గొట్టం మైకు, గొంతు పోయేదాకా అరిచే ఓ కుర్రాడు, వెనక డప్పులు. పోలీసులు కొట్టేవాళ్లు, వ్యానెక్కించేవాళ్లు, సాయంత్రానికి వదిలేసేవాళ్లు. అంతేగానీ "మీ నినాదం ఎన్ని డెసిబెల్సు?" అని అడిగిన పోలీసు నాకు తగల్లేదు.

ఇప్పుడు లాఠీతో పనేముంది? 2017 అక్టోబరులో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర ధర్నాలను శబ్ద కాలుష్యం పేరుతో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆపించేసింది. ఆ రోడ్డులో కాపురం ఉండేవాళ్లే వెళ్లి మొరపెట్టుకున్నారు. వాళ్ల బాధ అబద్ధమనను. పొద్దస్తమానం మైకుల కింద బతకడం నరకమే. అయితే మైకు తగ్గించమంటే పోయేదానికి మనుషుల్నే లేపేశారు. రాంలీలా మైదానానికి పొమ్మన్నారు. పార్లమెంటుకు వినబడాలని వచ్చినవాడు అక్కడికెళ్లి ఎవరికి చెప్పుకోవాలి? అదే ఏడాది తమిళనాడు రైతులు పుర్రెలు ముందు పెట్టుకుని జంతర్ మంతర్‌లో కూర్చున్నారు. పుర్రెలేం చప్పుడు చేస్తాయండీ!

మరుసటేడు జులైలో సుప్రీంకోర్టు కలగజేసుకుని, పూర్తిగా నిషేధించడం కుదరదు, కావాలంటే షరతులు పెట్టుకోండి అంది. ఆ ముక్క మొదటే తట్టి ఉంటే ఎంత బాగుండేది.

2000 నాటి శబ్ద నిబంధనలు చదివాను లెండి, రిటైరైనవాడికి పనేముంది. ఇళ్లున్నచోట పగలు 55 డెసిబెల్సు, రాత్రి 45. మా వీధి మలుపులో బస్సు హారన్ కొడితేనే ఆ లెక్క గాల్లో కలుస్తుంది. రాత్రి 10 దాటితే మైకు బందు. కాకపోతే పండగలకూ సాంస్కృతిక వేడుకలకూ ఏడాదికి 15 రోజుల వరకు అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చుకోవచ్చట. దేవుడికి సడలింపు ఉంది. జీతం రాలేదని ఏడ్చేవాడికి లేదు. ఇక బరాత్‌లో డీజే సంగతంటారా, దానికి సడలింపు కూడా అక్కర్లేదు. మా కిటికీ అద్దాలు సాక్ష్యం.

మన హైదరాబాదేమైనా తక్కువ తిందా? ఆ 2017లోనే ఇందిరా పార్కు ధర్నా చౌక్ ఎత్తేశారు. ట్రాఫిక్కట, చప్పుడట, పార్కులో నడిచేవాళ్లకు ఇబ్బందట. ఊరవతల స్థలాలు చూపించి అక్కడ అరుచుకోమన్నారు. అక్కడ వినేది గొర్రెలూ, ప్లాట్లు అమ్మే బ్రోకర్లూ. ధర్నాలూ బందులూ చేసి తెచ్చుకున్న రాష్ట్రంలో ఈ మాట! 2018 నవంబరులో హైకోర్టు చెబితేగానీ మళ్లీ అక్కడ టెంటు పడలేదు.

అసలు తమాషా ఆ తర్వాతే. 2021 నవంబరులో వడ్లు కొనాలంటూ కేంద్రం మీద కోపంతో ముఖ్యమంత్రి కేసీఆర్ స్వయంగా మంత్రులతో సహా వచ్చి ఆ ఇందిరా పార్కు దగ్గరే ధర్నాకు కూర్చున్నారు. మైకులోనే మాట్లాడారు. పార్కులో నడిచేవాళ్లకు ఆ పూట ఇబ్బంది అయిందో లేదో కనుక్కున్న అధికారి మాత్రం నాకెక్కడా కనబడలేదు.