ఐదు సెకన్ల స్వదేశీ

ఢిల్లీ ఆర్.కె. పురంలో తెలుగువాళ్ళు నలుగురు కూడితే కబుర్లు మూడు సంగతుల చుట్టూ తిరుగుతుంటాయి. డీఏ ఎంత పెరిగింది, క్వార్టర్ ఎప్పుడొస్తుంది, పిల్లలకు సీటెక్కడ దొరుకుతుంది. ఈమధ్య వీటికి నాలుగోది జతయింది: "మావాడు సొంతంగా ఆపరేటింగ్ సిస్టమ్ చేశాడండీ!"

ల్యాప్‌టాప్ ఆన్ చేసి చూపిస్తారు. నల్లటి తెరమీద నెమలి పురి విప్పుతుంది. కింద మూడు రంగుల గీత ఎడమ నుంచి కుడికి నిండుతుంది. ఐదు సెకన్లు, మహా అయితే పది. ఆ తర్వాత ప్రత్యక్షమయ్యేది డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్.

నెమలి వెనక ఉన్న శ్రమ తక్కువదేం కాదు సుమండీ. కంప్యూటర్ బూట్ అయ్యేటప్పుడు బొమ్మ చూపించే ప్లిమత్ అని ఒక చిన్న లినక్స్ ప్రోగ్రామ్ ఉంది. 2008లో ఫెడోరా 10తో వచ్చింది. దాని థీమ్‌ల ఫోల్డర్లో నాలుగు పీఎన్‌జీ బొమ్మలు, ఒక స్క్రిప్టు పడేసి, బూట్ ఇమేజిని ఒకసారి తిరగగట్టమని ఆదేశం ఇవ్వాలి. టీ చల్లారేలోగా దేశానికి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ సిద్ధం. సింహాల చిహ్నం పెడదామన్న ఉత్సాహవంతులు మాత్రం కాస్త ఆగాలి. రాజచిహ్నాన్ని ఇష్టమొచ్చిన చోట వాడటానికి 2005 నాటి చట్టం ఒప్పుకోదు. నెమలికి ఆ ఇబ్బంది లేదు కాబట్టి పాపం అన్నిచోట్లా అదే ఆడుతోంది.

కుర్రాణ్ణి నేనేమీ అనను. బొమ్మ మార్చడంతోనే చాలామందికి లినక్స్ మీద మోజు పుడుతుంది, పుట్టనివ్వండి. నా గొడవంతా దీపం వెలిగించి, శాలువా కప్పి, "పూర్తి స్వదేశీ పరిజ్ఞానం" అని స్లైడు వేసే పెద్దలతో. ఆ స్లైడు నడుస్తుండగా టెర్మినల్ తెరిచి ఓఎస్-రిలీజ్ అనే ఫైలు చదవండి. చాలాసార్లు దాన్ని మార్చడం మరిచిపోయి ఉంటారు. డెబియన్ గ్నూ/లినక్స్ 12, బుక్‌వార్మ్ అని ఊరూ పేరూ చెప్పేస్తుంది. పైన పటారం, లోన లొటారం అందామంటే అదీ కుదరదు. లోపల ఉన్నది 1993 నుంచి వేలమంది కట్టుకొస్తున్న గట్టి సరుకు. లొటారమంతా పైనే ఉంది!

ఒకరిమీద ఆధారపడి కట్టడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సి-డాక్ వాళ్ళ బాస్ లినక్స్ 2007లో వచ్చింది. డెబియన్ మీద కట్టామని వాళ్ళే చెప్పుకున్నారు, భారతీయ భాషల పని కూడా చేశారు. 2023లో రక్షణ శాఖ కంప్యూటర్లకని వార్తల్లోకెక్కిన 'మాయ' ఉబుంటు అనే మరో లినక్స్ మీద కట్టింది (పేరు నేను పెట్టలేదు). బొమ్మ మార్చక తప్పని సందర్భాలూ ఉన్నాయి. రెడ్‌హ్యాట్ కంపెనీ కోడ్‌తో సెంటాస్ అనే లినక్స్ చేసినవాళ్ళు ట్రేడ్‌మార్కు గొడవ లేకుండా పాత లోగోలన్నీ పీకేయాల్సి వచ్చింది. అయితే లోగో పీకినందుకు వాళ్ళెవరూ సన్మానం అడగలేదు.

బొమ్మే ఆపరేటింగ్ సిస్టమ్ అయితే ఈ రంగంలో అగ్రతాంబూలం హన్నా మోంటానాకు ఇవ్వాలి. 2009లో ఎవరో ఆ అమెరికన్ టీవీ పిల్ల పేరిట కుబుంటుకు ఆసాంతం గులాబీ రంగు పూసి హన్నా మోంటానా లినక్స్ అని వదిలారు. అందులో బూట్ బొమ్మ దగ్గర్నుంచి వాల్‌పేపర్ దాకా ఆ పిల్లే. మన స్వదేశీల్లో చాలావాటికంటే ఎక్కువ శ్రద్ధ కనిపిస్తుంది.

ఈ నెమలి చేసే అసలు పని ఏమిటంటే, అడ్డం నిలబడటం. దాని వెనక సిస్టమ్ ఏ డిస్కు దొరికింది, ఏ డ్రైవర్ మొరాయించింది, ఏ సర్వీసు పడిపోయింది అని వరసగా చెప్పుకుపోతుంటుంది. ఎస్కేప్ కీ నొక్కితే ఆ లైన్లు కనిపిస్తాయి. ఎవరూ నొక్కరు. డిస్కు చచ్చే ముందు ఎన్ని కేకలు పెట్టినా మనకు పింఛమే కనిపిస్తుంది.

బొమ్మ దానంతటది అమాయకమైనదేం కాదు కూడా. 2023 డిసెంబరులో బైనార్లీ అనే భద్రతా సంస్థ పరిశోధకులు 'లోగోఫెయిల్' బయటపెట్టారు. అది ప్లిమత్ కథ కాదు, అంతకంటే ముందు మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్ చూపించే కంపెనీ లోగో కథ. ఆ లోగో ఫైలును చదివే కోడ్‌లోనే లోపాలున్నాయి. కిటుకుగా తయారుచేసిన బొమ్మను అక్కడ పెడితే, ఆపరేటింగ్ సిస్టమ్ కళ్ళు తెరిచేలోపే దొంగ ఇంట్లో ఉంటాడు. సెక్యూర్ బూట్ అనే కాపలావాడు చూస్తూ ఊరుకుంటాడు.

మరి చేయాల్సిన పని లేదా? బోలెడు. మెనూల్లో తెలుగు ఇంకా సగం సగమే. హైదరాబాదు స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు ఏళ్ళ తరబడి ఒక్కో వాక్యాన్నీ తెలుగు చేస్తూ కూర్చున్నారు. అది పింఛంలా ఆడదు, ఫొటోలో పడదు. ఎక్కడో ఒక లైబ్రరీలో రంధ్రం బయటపడితే ఆ రాత్రే అతుకు వేసి అందరికీ పంపడం ఇంకో పని. దానికి రిబ్బన్ కట్ చేసే వీలే లేదు, ఎవరికి పడుతుంది?

కనక అయ్యలారా, నెమలిని ఉంచుకోండి. కావాలంటే హంసను కూడా పెట్టండి. దాని కాళ్ళ కింద మాత్రం ఒక్క లైను రాయండి: ఏ డెబియన్ మీద కట్టారు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ తేదీ దాకా ఇస్తారు, అవి ఆగిపోతే ఏ నంబరుకు ఫోన్ చేయాలి. తెరమీద చోటు చాలదంటే, పింఛంలో రెండు ఈకలు తగ్గించండి.