గాలి ఆఖర్న

అంబాసిడర్‌కి సరిపోయే ఎయిర్ సస్పెన్షన్ కిట్ కోసం వెతకడం మానేయండి. 2014లో తయారీ ఆగిపోయిన బండి అది. ఎవరో పెట్టెలో సర్ది పంపుతారని ఎదురుచూడటం కన్నా మంచి వెల్డర్ని, లేత్ పనివాణ్ణి వెతుక్కోవడం మేలు. ఈ పనికి దిగినవాళ్ళు మామూలుగా ముందు కంప్రెసర్ కొంటారు, తర్వాత ట్యాంకు, ఆ పైన మెరిసే స్విచ్చులు. నేను చెప్పేది ఆ వరసకి పూర్తిగా తలకిందులు. ఏ షెడ్డులో చెప్పినా మేస్త్రీలు తల అడ్డంగా ఊపుతారు. అయినా సరే, గాలి సంగతి ఆఖర్న చూడండి. ముందు గాలి లేకపోయినా నడిచే కారుని తయారుచేయండి.

కారు బరువు మోసే గాలి బెలూన్ ఏదో ఒక రోజు చిరుగుతుంది, లేదా జాయింటు ఊడుతుంది. హైవే మీద ఊడితే ఆ క్షణంలో కారు దేని మీద కూర్చుంటుంది? రబ్బరు స్టాపర్ల మీద కూర్చోవాలి, బెలూన్ మడతల మీద కాదు. స్టీరింగ్ చివరిదాకా తిప్పినా టైరు ఫెండర్‌కి తగలకూడదు. ఇంజను చాంబరు, సైలెన్సర్ పైపు రోడ్డుకి ఆనకూడదు. అందుకే బెలూన్లు కొనకముందే స్టాపర్ల ఎత్తు తేల్చుకోండి. నడిచే ఎత్తు చూడటానికి బెలూన్ల స్థానంలో గట్టి కర్రదిమ్మలు పెట్టి షెడ్డులోనే కొలుచుకోండి. దిమ్మలతో రోడ్డెక్కకండి.

అసలు కష్టం వెనక ఉంది. కమాను పట్టీలు తీసేసి ఆ చోట బెలూన్ పెడితే సరిపోతుందని చాలామంది నమ్మకం. కమాను చేసేది బరువు మోయడం ఒక్కటే కాదు. యాక్సిల్‌ని ముందుకీ వెనక్కీ పోకుండా, పక్కకి జరక్కుండా, బ్రేకు నొక్కినప్పుడు మెలితిరక్కుండా పట్టుకునేది కూడా అదే. బెలూన్‌కి ఆ శక్తి లేదు, అది పైకి నెట్టడం మాత్రమే చేస్తుంది. కాబట్టి కమాను తీస్తే కారు పొడవు దిశలో నాలుగు లింకు రాడ్లు, అడ్డంగా ఒక పాన్‌హార్డ్ రాడ్డు తప్పవు. ఒక్క మెయిన్ పట్టీ ఉంచేసి మిగతావి తీసేయండని ఎవరైనా చెబితే వినకండి. పలచబడిన ఆ పట్టీ బ్రేకు దెబ్బకి పాములా వంకర తిరుగుతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లు అరుగుతాయి. లింకులు బిగించాక యాక్సిల్‌ని పూర్తిగా దించి, పూర్తిగా ఎత్తి, బ్రేకు హోసు ఎక్కడైనా లాగుతోందేమో చూడండి.

ముందుభాగం జోలికి ఏడాదిపాటు వెళ్ళకండి. అక్కడున్నవి టార్షన్ బార్లు. వాటి మెలిక బలం కారు అడుగున వెనక్కి ఉన్న యాంకర్ దగ్గర పడుతుంది. బెలూన్ పెడితే బరువంతా పైనున్న రేకు మీద పడుతుంది. ఆ రేకుని అంత బరువుకి ఎవరూ చేయలేదు. దాన్ని బలపరచడం వేరే పెద్ద పని. వెనక పని నిలకడగా నడిచాకే దానికి దిగండి.

ఇక బెలూన్ సైజు. ఒక మూల 250 కిలోల బరువు పడుతోందనుకోండి. బెలూన్ వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లయితే, దానిలో చదరపు సెంటీమీటరుకి 2.5 కిలోల ఒత్తిడి చాలు, అంటే సుమారు 35 పీఎస్ఐ. అదే బెలూన్‌ని చక్రానికీ, దాన్ని పట్టుకున్న ఆర్మ్ తిరిగే పిన్నుకీ సరిగ్గా మధ్యలో పెడితే రెండింతలు, 70 దాకా కావాలి. ఈ లెక్క వేశాకే షాపుకెళ్ళండి. చిన్న బెలూన్ చవకని కొంటే ఎప్పుడూ బిగుసుకుపోయి కారు ఎగిరెగిరి పడుతుంది.

గాలి పైపుల దగ్గర నాది మొండిపట్టు. ఎడమ, కుడి బెలూన్లకి వేర్వేరు పైపులు వేయండి. రెండిటినీ టీ జాయింటుతో కలిపితే మలుపులో బరువుపడ్డ వైపు గాలి రెండో వైపుకి పారిపోతుంది, కారు ఇంకా ఒరుగుతుంది. నైలాన్ పైపుని కత్తితోనో రంపంతోనో కాకుండా పైపు కట్టర్‌తో నిటారుగా కోయండి. సైలెన్సర్‌కి దూరంగా నడపండి. ట్యాంకు అడుగున డ్రెయిన్ కాక్ పెట్టండి. గాలిని నొక్కితే అందులోని తేమ నీరై దిగుతుంది, కోస్తా ఊళ్ళలో మరీను. సెన్సార్ల పెట్టె వద్దు. నాలుగు చేతి వాల్వులు, రెండు ముళ్ళ గేజీలు చాలు. ఎక్కడ కారుతోందో అప్పుడు మీకే తెలుస్తుంది. జాయింట్లన్నిటికీ సబ్బు నీళ్ళు రాసి రాత్రంతా వదిలేయండి. కింద దూరేటప్పుడు మాత్రం గాలిని నమ్మకండి, స్టాండులు పెట్టండి.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో చేసే మార్పులకి హద్దులు పెట్టింది. కాబట్టి మొదటి వెల్డింగుకి ముందే ఆర్టీఓ ఆఫీసులో అడిగి, రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి.

చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచుదాకా నడిచే ఎత్తు కొలిచి, నాలుగు మూలలా పెయింటుతో గుర్తు పెట్టండి. వీల్ అలైన్‌మెంట్ ఆ ఎత్తులోనే చేయించండి. ఆ ఎత్తులోనే నడపండి. కిందికి దించి చూపించుకోవడమంతా పార్కింగులోనే.