కొట్టడం మానేశాక

నేను వెదురు బెత్తాన్ని. మహబూబాబాద్ జిల్లాలో ఒక తండాను ఆనుకుని ఉన్న ప్రాథమిక పాఠశాల, అందులో నాలుగో తరగతి గది నా కాపురం. మేదరివాళ్ళు బుట్టకు పనికిరాదని పక్కన పడేసిన పుల్లను ఒక సారు ఏరి, కణుపులు చెక్కి, నూనె రాసి బడికి తెచ్చాడు. అప్పట్లో నాకు రెండే పనులు. బోర్డు మీద అక్షరం అక్షరానికీ టకటకమనడం, తప్పు చదివిన పిల్లవాడి అరచేతి మీద పడటం.

2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. పిల్లల్ని కొట్టకూడదు, మనసు నొప్పించకూడదు అని అందులో 17వ సెక్షన్ చెప్పింది. మర్నాటి నుంచే మానేశారంటే మీరు నమ్మరు, నేనూ చెప్పను. మెల్లమెల్లగా నా అవసరం తగ్గి, పాత హాజరుపట్టీలతో పాటు బీరువా మీదికి చేరాను.

పైనుంచి చూస్తే ఒకటి తెలిసింది. దెబ్బలు పోయాయి గానీ చదివించే తీరు అలాగే ఉంది. సారు ఒక వాక్యం అంటాడు, పిల్లలంతా ఒకే గొంతుతో అంటారు. పాఠం చివర ప్రశ్న: ‘రామయ్య ఎక్కడికి వెళ్ళాడు?’ పిల్లలు పాఠంలో ‘వెళ్ళాడు’ అనే మాట వెతికి పట్టుకుని, దాని ముందున్న మాటను నోటుబుక్కులోకి దించేస్తారు. టిక్కు పడుతుంది. రామయ్య ఎందుకు వెళ్ళాడన్నది రామయ్య గొడవ.

2022 ఆగస్టు 15న రాష్ట్రంలో ‘తొలిమెట్టు’ మొదలైంది. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఎవరు ఎక్కడ ఆగిపోయారో చూసుకుని అక్కణ్ణుంచి నేర్పాలన్నది దాని ఉద్దేశం. ఆ ఏడే మా గదికి కొత్త టీచరమ్మ వచ్చింది. చార్టు తగిలించబోతుంటే చేతికి దొరికాను. దుమ్ము దులిపి, కొసకు ఎర్రగుడ్డ చుట్టింది. పిల్లలెవరూ బెదరలేదు. నా పాత కొలువు వాళ్ళకేం తెలుసు?

ఒకరోజు ఆవిడ పక్క తరగతి టీచరుతో చెబుతుంటే విన్నాను. డొలొరెస్ డర్కిన్ అనే పరిశోధకురాలు అమెరికాలో నాలుగో తరగతి పఠన పాఠాలను 4,469 నిమిషాలు కూర్చుని గమనించిందట. 1978-79లో ఆ లెక్క అచ్చయింది. చదివింది ఎలా అర్థం చేసుకోవాలో నేర్పిన సమయం అందులో 20 నిమిషాలు. మిగతా సమయంలో ప్రశ్నలడగడం, జవాబులు దిద్దడం వంటివే ఎక్కువ. అంత దూరంలోనూ మా గదే ఉందన్నమాట!

ఇక మా పాఠం. ఆవిడ బోర్డు మీద సొంతంగా రాసింది: ‘లచ్చమ్మ సంతలో కొన్న మేకను చెట్టుకు కట్టి బావికి పోయింది. తిరిగి వచ్చేసరికి తాడు మాత్రమే ఉంది. దాని కొస నమిలి ఉంది.’

మునుపైతే నేను ‘ల’ దగ్గర, ‘చ్చ’ దగ్గర, ‘మ్మ’ దగ్గర ఒక్కో దెబ్బ వేసేదాన్ని. కూడబలుక్కుంటూ వాక్యం చివరికి చేరేసరికి పిల్లలకు మొదలు గుర్తుండేది కాదు. ఇప్పుడు ఆవిడ నన్ను ‘సంతలో కొన్న మేకను’ కింద ఒక్క గీతగా జరిపింది. ‘చెట్టుకు కట్టి’ ఇంకో గీత. పక్కనే ఒక పిల్లవాడు, “చెట్టు సంతలో ఉందా టీచర్?” అన్నాడు. కొన్నది ఎప్పుడో, కట్టింది ఎప్పుడో వాడికి విడిపోలేదు. ఆవిడ నవ్వలేదు. “ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది?” అని అడిగి వాడితోనే విడగొట్టించింది. మూడో వాక్యంలో ‘దాని’ దగ్గర నన్ను ఆపి, “దేని కొస?” అని వెనక్కి నడిపింది. మేక దగ్గర ఒకసారి ఆగాను, తాడు దగ్గర ఒకసారి ఆగాను. పిల్లలు తాడు దగ్గర ఉంచేశారు.

“మరి మేక ఏమైంది?”

గడగడా చదివే పిల్లవాడు మూడు వాక్యాలూ మళ్ళీ వెతికాడు. “రాయలేదు టీచర్,” అన్నాడు. ఒత్తులు చూస్తే తడబడే పిల్ల ఒకతి ఉంది, ఇంట్లో మేకలున్నాయి. ఆ పిల్ల అంది: “నమిలి తెంపుకున్నది. దొంగైతే తాడు విప్పుకునో, కోసుకునో పోతడు.” చదవడం రాదని అందరూ తేల్చేసిన పిల్ల!

ఆ పిల్ల లంబాడీ, ఇంటి మాట వేరు. టీచరమ్మ ఇలాంటి వాళ్ళకు కథ ముందు తాను చదివి వినిపించేది. ఇంటి మాటలో మళ్ళీ చెప్పమనేది. ఆ తర్వాతే పుస్తకం చేతికిచ్చేది. అలాగని ఒత్తులు వదిలిపెట్టలేదు. పొద్దున ప్రార్థన కాగానే వాటి కోసం వేరేగా కూర్చోబెట్టేది. అక్షరం పలకని పిల్లకు ఎన్ని ప్రశ్నలు వేసినా పుట గడవదు. కొందరు ఉత్సాహవంతులు ఈ సంగతి మర్చిపోతారు.

తర్వాత నన్ను పిల్లల చేతికే ఇచ్చింది. పలింక్సార్, బ్రౌన్ అనే ఇద్దరు పరిశోధకులు 1984లో అచ్చువేసిన పద్ధతి అది. బెత్తం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే టీచరు: తెలియని చోటు తేల్చాలి, ఒక ప్రశ్న వేయాలి, చదివింది చిన్నగా చెప్పాలి, ముందేం జరుగుతుందో ఊహించాలి. గడగడా చదివే పిల్లవాడు, “లచ్చమ్మ ఏం కొన్నది?” అని అడిగితే తరగతంతా ఉసూరుమంది. వాడి మొహం మాడింది. చాలాసేపు బోర్డు చూసి, “ఇంకో మేకను కొంటే దేనితో కడతది?” అన్నాడు. గొలుసు అని ఒకరు, దడి అని ఇంకొకరు. వాడు గొలుసుకు ఒప్పుకోలేదు.

మేకల పిల్ల వంతు వచ్చింది. నన్ను గట్టిగా పట్టుకుని టీచరమ్మ వైపే చూపించింది. “ఎవరి దగ్గర కొన్నది టీచర్? కొత్త మేక పాత మంద దిక్కే పోతది. ఏ ఊరిదో చెప్తే వెతకొచ్చు.”

టీచరమ్మ అంత దూరం ఆలోచించి రాయలేదు. సుద్దముక్క ఆ పిల్లకే ఇచ్చి, నాలుగో వాక్యం నువ్వే రాయమంది. ఊరి పేరులో ఒత్తు వచ్చింది. ముగ్గురు లేచి మూడు రకాలుగా చెబుతున్నారు.